వంటయింట పిప్పలి: దాని గుణము, దాని మితము



మన కృష్ణా డెల్టా గ్రామములలో ప్రసవము కానున్న యింటికి ముందుగా వచ్చి చేరు సరుకులలో పిప్పళ్లొకటి. పెద్దవారు విజయవాడకో, గుడివాడకో, తెనాలికో పోయి పచారీ కొట్టులో శొంఠి, పిప్పళ్లు, మోడి, వాము, మిరియములు కొని తెచ్చి డబ్బాలలో పోసి యుంచుదురు. జలుబు చేసినను, జ్వరము తగ్గి నోరు చేదుగా నున్నను పిప్పళ్లు దంచి చారు కాచుదురు. ఇంత పరిచయము గల వస్తువే యైనను, ఇది యెక్కడ పండునది, దీనిలో నేమి యున్నది, ఏమి లేదు, ఎంత వాడవలెను అని విచారించువారు తక్కువ. కొందఱు దీనిని సర్వరోగ నివారిణి యందురు. మఱికొందఱు పాతకాలపు మూఢాచారమని త్రోసివేయుదురు. ఈ రెండు మాటలును సరికావు. ఈ నెల పాఠములో నిజమును నిదానముగా పరిశీలింతము. బాలింతరాలి భోజనమును గూర్చి చెప్పవలసిన ముఖ్యమైన మాట యొకటి యున్నది. పాఠమంతయు ఆ మాట కొఱకే యని గ్రహింప వేడుచున్నాము.

1. పిప్పలి యనగా నేమి?

తమలపాకు, మిరియము, పిప్పలి యను మూడు తీగెలును ఒకే కుటుంబమునకు చెందినవి. తమలపాకు తోట నెఱిగిన రైతు పిప్పలి తీగెను చూచిన వెంటనే ఆ పోలికను కనిపెట్టగలడు. ఆకు హృదయాకారముగా నుండును. తీగె నేలమీద ప్రాకుచు కణుపుకడ వేరు తొడుగును. మిరియము వలె గింజలు విడివిడిగా నుండవు. మిక్కిలి చిన్న కాయలు ఒక కంకి చుట్టును దట్టముగా నంటుకొని, సుమారు అంగుళము పొడవు గల ముద్దగా నేర్పడును. దానిని ముదిరిన పిమ్మట, పండకమునుపే కోసి యెండబెట్టిన నల్లని బూడిదరంగు పొందును. అదియే అంగడిలోని పిప్పలి. ఆ తీగె వేళ్లను, లావైన క్రింది కాండమును ముక్కలు చేసి యెండబెట్టినది మోడి. గజపిప్పలి యను పేర నమ్మునది వేఱొక మొక్క కాయ. దానిని దీనికి బదులుగా కొనరాదు.

ఈ తీగె అస్సాము, బెంగాలు, కేరళ ప్రాంతములలో విరివిగా పెరుగును. మన రాష్ట్రమున విశాఖ మన్యపు కొండలలో, పాడేరు, చింతపల్లి ప్రాంతముల గిరిజన రైతులు దీనిని ముఖ్యముగా మోడి కొఱకు సాగు చేయుచున్నారు. ఆ ప్రాంతము 2022 ఏప్రిలు నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. గిరిజనుల పంటలను, అటవీ ఫలసాయములను న్యాయమైన ధరకు కొనుటకై 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణము కేంద్రముగా నేర్పడినది. డెల్టా యింటిలో దంచు మోడి ముక్క వెనుక ఒక కొండ రైతు కష్టమున్నదని మనము మఱువరాదు.

2. మిరపకు ముందు కారము

నేడు గుంటూరు పేరు చెప్పిన మిరపకాయయే జ్ఞప్తికి వచ్చును. కాని మిరప మన దేశపు పంట కాదు. అది అమెరికా ఖండమున పుట్టి, 1498లో పోర్చుగీసు నావలు మన పడమటి తీరమునకు వచ్చిన తరువాత, పదునాఱవ శతాబ్దమున ఈ దేశమున వ్యాపించినది. అంతకు పూర్వము మన తాతల వంటకములకు కారము నిచ్చినవి మిరియము, పిప్పలి, శొంఠి మున్నగునవే. మిరపకాయ యను పేరులోనే మిరియము దాగియున్నది గదా! ఈ మూడింటిని సమభాగములుగా చేర్చిన చూర్ణమునే వైద్యులు త్రికటుక మనిరి.

పిప్పలి కీర్తి సముద్రములు దాటినది. ఇంగ్లీషువారు మిరియమునకు వాడు పెప్పర్ అను మాటకు మూలము మన పిప్పలీ శబ్దమే. క్రీస్తు శకము మొదటి శతాబ్దమున రోము నగరమున పిప్పలి పౌను ఒకటింటికి 15 దెనారియములు, తెల్ల మిరియము 7, నల్ల మిరియము 4 చొప్పున పలికెనని ప్లినీ యను గ్రంథకర్త వ్రాసెను. అనగా మిరియముకంటె పిప్పలికి దాదాపు నాలుగు రెట్లు వెల. తరువాత మిరప చవుకగా, ప్రతి పెరటను పండుటచేత పిప్పలి వంటయింటినుండి మందుల పెట్టెలోనికి జరిగినది.

3. పోషణ విలువ ఎంత?

మొదట ఒక సత్యమును నిర్మొగమాటముగా చెప్పవలెను. పిప్పలి ఆహారము కాదు, ఆహారమునకు తోడు. నలుగురికి కాచు చారులో వేయు మూడు నాలుగు పిప్పళ్లు ఒక గ్రామునకు అటునిటుగా తూగును. అందుండి వచ్చు బలమును లెక్కింపవలసిన పని లేదు. ముప్పది గ్రాముల కందిపప్పులో ఆఱు గ్రాములకు పైగా మాంసకృత్తులుండును. పది పిప్పళ్లు నమలినను ఆ పప్పుతో సమానము కానేరవు.

అట్లయిన దీని ప్రయోజన మేమి? పిప్పలి కారమునకు ముఖ్య కారణము పైపెరిన్ అను పదార్థము. దీనిని 1819లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఎర్‌స్టెడ్ మిరియములనుండి మొదట వేఱుచేసెను. ఎండిన పిప్పలిలో ఇది నూటికి సుమారు 3 నుండి 5 పాళ్లుండును. మిరియములలో సామాన్యముగా ఇంతకంటె కొంత ఎక్కువయే. కావున పిప్పలి ప్రియమైన సమయమున మిరియము వాడిన గృహిణి ఏమియు నష్టపడదు.

పైపెరిన్ నోటిలో లాలాజలమును ఊరించి ఆకలి పుట్టించును. అంతేకాక, కొన్ని పదార్థములు ప్రేగులలోను, కాలేయములోను త్వరగా మార్పుచెంది వెలికి పోకుండ ఆపి, ఒంటికి ఎక్కువగా చేరునట్లు చేయును. 1998లో బెంగుళూరు సెంటుజాన్సు వైద్య కళాశాలవారు ఆరోగ్యవంతులపై చేసిన పరీక్షలో రెండు గ్రాముల పసుపు సారమునకు 20 మిల్లీగ్రాముల పైపెరిన్ చేర్చి యిచ్చినప్పుడు రక్తమున చేరిన పసుపు సారము ఇరువది రెట్లు హెచ్చినది. ఆకుకూరలలోని కెరొటీను, అనగా కంటిచూపునకు వలయు ఎ విటమిను నిచ్చు పదార్థము, మిరియపు కారముతో మెఱుగుగా గ్రహింపబడునని మైసూరు ఆహార పరిశోధనాలయమున జరిగిన పని తెలుపుచున్నది. పసుపు, నెయ్యి, పిప్పలి లేక మిరియము వేసి ఆకుకూర పప్పు వండిన మన అవ్వల వంటలో ఇంత యుక్తి యున్నది.

అయితే లేనిదానిని పిప్పలి కల్పింపజాలదు. పప్పు లేని పళ్లెములో మాంసకృత్తులను, ఆకుకూర లేని పళ్లెములో కెరొటీనును అది పుట్టింపదు. మన ప్రాంత చరిత్రయే ఇందుకు సాక్షి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా అంతయు వరిమయమైనది. తరువాత మరలు వచ్చి బియ్యమును తెల్లగా పాలిషు చేయసాగినవి. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి ప్రబలియుండెను. పాలిషుతో తవుడులోని బి విటమిను పోవుటయే దానికి మూలమని 1920వ దశకమున కూనూరులో మెక్కారిసన్ మొదలగువారి పరిశోధనల వలన స్పష్టమైనది. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు మారి నేడు జాతీయ పోషకాహార సంస్థగా నున్నది. నాడు ఆ రోగులకు కావలసినది కషాయము కాదు. దంపుడు బియ్యము, పప్పు, ఉప్పుడు బియ్యము. పోయినదానిని తిరిగి తినుటయే మందు.

4. వండు విధానములు

పిప్పలిని వండుటలో మూడు నియమములు గుర్తుంచుకొనవలెను. మొదటిది: పైపెరిన్ నీటిలో మిక్కిలి కొంచెముగా మాత్రమే కరగును, నేతిలో, నూనెలో చక్కగా కరగును. కావున పిప్పలి వేసిన వంటకమునకు చెంచాడు నెయ్యి యైనను తోడుండవలెను. రెండవది: దాని సువాసన ఆవిరియై పోవు తైలమునందున్నది. కావున చాలసేపు మఱగింపక, పొడిని చివర వేసి ఒక పొంగు రాగానే దింపవలెను. మూడవది: ఏనాటి పొడి ఆనాడే దంచుకొనవలెను.

పిప్పలి చారు (నలుగురికి): పిప్పళ్లు 4, మిరియములు అర చెంచా, జీలకఱ్ఱ ఒక చెంచా, ధనియములు ఒక చెంచా, వీనిని మాడకుండ సన్నని సెగపై వేయించి దంచవలెను. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పులుసు తీసి, పసుపు, ఉప్పు, కరివేపాకు వేసి మఱగించి, ఉడికిన కందిపప్పు గరిటెడు కలుపవలెను. పొడివేసి ఒక పొంగు రానిచ్చి దింపి, నేతిలో ఆవాలు, ఇంగువ పోపు పెట్టవలెను. పప్పు మానిన చారు రుచికి మాత్రమే; పప్పు కలిపిన చారు కొంత బలమునకు కూడ.

పెసరకట్టు: జ్వరము తగ్గినవారికి మంచిది. పెసరపప్పు గ్లాసెడు మెత్తగా ఉడికించి, పసుపు, ఉప్పు చేర్చి, రెండు పిప్పళ్ల పొడి, జీలకఱ్ఱ నేతిలో పొంగించి కలుపవలెను. జారుడుగా నున్న అన్నములో కలిపి పెట్టవచ్చును.

మునగాకు పప్పు: లేత మునగాకు రెండు గుప్పెళ్లు, కందిపప్పు గ్లాసెడు. పప్పు ముక్కాలు ఉడికిన తరువాత ఆకు వేయవలెను. పోపులో ఎండుమిరప సగము తగ్గించి, రెండు పిప్పళ్ల పొడి వేయవలెను. వడ్డించునప్పుడు నిమ్మకాయ పిండినచో దానిలోని సి విటమిను ఆకులోని ఇనుము వంటబట్టుటకు తోడ్పడును. మునగాకు దొరకనినాడు తోటకూరతో చేయవచ్చును. భోజనము చేసిన వెంటనే టీ త్రాగుట ఈ లాభమును కొంత చెఱచును. గంటసేపు ఆగుట మంచిది.

కాయము: ఇండ్లనుబట్టి పాళ్లు మాఱును. ఒక పద్ధతి యిది: శొంఠి 4 పాళ్లు, జీలకఱ్ఱ 2, పిప్పళ్లు, మోడి, మిరియములు, వాము ఒక్కొక్క పాలు. విడివిడిగా నేతిలో దోరగా వేయించి, దంచి, జల్లించి, పొడికి రెట్టింపు బెల్లము పాకమున వేసి, నెయ్యి పోయుచు ముద్ద చేయవలెను. చిన్న ఉసిరికాయంత ముద్ద దినమునకొకటి చాలును.

5. బాలింత పథ్యము: అసలు మాట

ఇప్పుడు ముందు చెప్పదలచిన విషయమునకు వచ్చితిమి. మన యిండ్లలో బాలింతరాలికి కాయము పెట్టుటలో లోపము లేదు. లోపము దాని ప్రక్కన పళ్లెములో నున్నది. పప్పు వాతమని, ఆకుకూర బిడ్డకు విరేచనమని, పెరుగు జలుబని, నీరు పొట్ట పెంచునని ఒక్కొక్కటిగా మాన్పించి, కడకు కాయము, నెయ్యి, ఉత్త అన్నము మిగుల్చుదురు. దీనిని పెద్దలు ప్రేమతోనే చేయుదురు. కాని ఆ తల్లి యపుడు రక్తము కోల్పోయి యున్నది, పాలిచ్చుచున్నది. పాలిచ్చు తల్లికి మొదటి ఆఱు నెలలును మామూలు తిండికి పైగా దినమునకు సుమారు 600 కెలోరీల ఆహారము, 17 గ్రాముల మాంసకృత్తులు కావలెనని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించినది. అధికము కావలసిన దినములలో మనము తగ్గించుచున్నాము!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 మొదలు 49 సంవత్సరముల వయసు గల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత కలదని తేలినది. నీళ్లు, పంట, పాడి గల రాష్ట్రమున ఇది సిగ్గుపడవలసిన అంకె. రక్తహీనతతో ప్రసవమునకు పోయి, పథ్యముతో పురిటినుండి లేచిన స్త్రీ నాట్లకు ఎట్లు వంగగలదు? మఱుసటి కాన్పును ఎట్లు తట్టుకొనగలదు?

కావున అత్తగార్లకు, అమ్మమ్మలకు మా విన్నపము: కాయము మానవద్దు, దానిని పళ్లెమునకు తలుపు చేయుడు, గోడ చేయవద్దు. కాయముతో ఆకలి పుట్టిన తల్లికి పెసరకట్టు, మునగాకు పప్పు, పాలు, మజ్జిగ, అలవాటున్న యిండ్లలో గ్రుడ్డు, చేప పెట్టుడు. దప్పికకు సరిపడ కాచి చల్లార్చిన నీరు త్రాగనిండు. ఆరోగ్య కార్యకర్త యిచ్చు ఇనుపమాత్రలను కాయమునకు పోటీగా చూడక తప్పక వేయింపుడు. బాలింతరాలికి విడువని జ్వరముగాని, అధిక రక్తస్రావముగాని యున్న యెడల కషాయములతో కాలము గడుపక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

6. మితము, జాగ్రత్తలు

పిప్పలిని అధికముగా, చిరకాలము వాడరాదని నేటి వైద్యులే కాదు, మన పూర్వులే చెప్పియున్నారు. చరకసంహితలో అతిగా వాడరాని వస్తువులు మూడింటిని పేర్కొని, క్షారముతోను, ఉప్పుతోను కలిపి పిప్పలిని చెప్పిరి. ఆ గ్రంథమే పచ్చి పిప్పలి కఫకరమనియు, ఎండినది కఫమును పోగొట్టుననియు భేదము చెప్పినది. దీనిని మెచ్చుకొన్నవారే దీనికి హద్దు కూడ గీచిరి.

ఒకటి: కడుపులో మంట, పుండు గలవారు దీనిని తగ్గింపవలెను. రెండు: గర్భిణులు పోపులో వేయు కొలది పిప్పలికి భయపడ నక్కఱలేదు గాని, చూర్ణముగా, మోడి కషాయముగా మందు మోతాదున పుచ్చుకొనరాదు. మూడు: పైపెరిన్ పసుపు సారమును ఒంటికి పట్టించినట్లే కొన్ని మందులను కూడ ఎక్కువగా పట్టించును. ఈ గుణమును జమ్మూ పరిశోధనాలయమువారు కనిపెట్టి, క్షయవ్యాధి మందగు రిఫాంపిసిన్‌ను తక్కువ మోతాదున నిచ్చుటకు ఉపయోగించిరి. లాభము చేయు గుణమే హద్దు తప్పిన హాని చేయును. మూర్ఛ, గుండె, మధుమేహము, రక్తము పలుచబఱచు మందులు వాడువారు పిప్పలి చూర్ణమును నిత్యము వాడదలచిన వైద్యునితో చెప్పి వాడవలెను. నాలుగు: పిప్పలి తేనెలో నూరి పసిబిడ్డకు నాకించు అలవాటు మానవలెను. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదకరము. ఆఱు నెలల వఱకు తల్లిపాలు తప్ప వేఱేదియు వలదు.

7. కొనుట, నిలువ, సంఘము చేయదగినది

పిప్పళ్లను పొడిగా కొనరాదు. పొడిలో ఏమి కలిసినదో తెలియదు. కాయ గట్టిగా నుండి, విఱిచిన ఫట్టుమని విఱుగవలెను. నాలుకపై ముందు కొంచెము తీపి, వెనుక కారము, పిమ్మట చిమచిమ తెలియవలెను. ముక్క వాసన, తెల్లని బూజు, పురుగు రంధ్రములు గలది వలదు. బూజు పట్టినదానిని కడిగి యెండబెట్టినను విషము పోదు. మోడిలో లావైన వేరు ముక్కలు మేలైనవి. సన్నని వేళ్లు, పై తీగె తునకలు నాసి రకము. తీగె తునకలను వేళ్ల ధరకు అమ్ముట కలదు గనుక చూచి కొనవలెను. మన డెల్టా గాలిలో తేమ యెక్కువ. ఎండలో బాగుగా ఆరబెట్టి, బిగువు మూత గల డబ్బాలో, వెలుతురు సోకని చోట దాచవలెను. వెలుతురు వలన పైపెరిన్ మాఱి కారము తగ్గును.

ఒక్కొక్క యింటివారు గుప్పెడు చొప్పున చిల్లరగా కొనునప్పుడు ఏరుకొను అవకాశముండదు. నలువది యిండ్లవారు కలిసి సంఘము ద్వారా ఒకేసారి తెప్పించినచో సరుకును పరీక్షించి కొనవచ్చును, నాసి దానిని త్రిప్పి పంపవచ్చును. ఎరువులకు, విత్తనములకు మనము నేర్చిన నేర్పే ఇది. మన్యపు గిరిజన రైతుల సహకార సంస్థనుండి కొనగలిగిన యెడల రెండు చివరల రైతులకును మేలు.

పెరటిలో పెంచదలచినవారు కొబ్బరి, అరటి నీడన నాలుగు తీగెలు వేసి చూడవచ్చును. దీనికి పలుచని నీడ, పశువుల యెరువు, ఎప్పుడును ఆరని తేమ కావలెను. నీరు మాత్రము నిలువరాదు. నల్లరేగడి వరిచేల గట్లకంటె లంకల ఒండ్రునేల నయము. మూడు నాలుగు కణుపులు గల ముక్కలను తొలకరిలో నాటవలెను. ఈ తీగెలలో ఆడ, మగ వేఱు. కాయ కావలెనన్న కాచుచున్న ఆడ తీగెనుండియే ముక్క తేవలెను. పెరటి ప్రయత్నము ఫలింపకమునుపే ఎకరములకు ఎకరములు పెట్టుబడి పెట్టుట వివేకము కాదు.

పాఠ సారాంశము

పిప్పలి ఆకలి పుట్టించును, తిన్నదానిలో కొన్నింటిని వంటబట్టించును. తినని దానిని ఇయ్యజాలదు. నేతితో, పప్పుతో, ఆకుకూరతో కలిపి మితముగా వాడుడు. బాలింతరాలికి కాయముతో పాటు కడుపునిండ అన్ని విధములైన ఆహారమును పెట్టుడు.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున బాలింతరాలికి ఏయే ఆహారములు మాన్పించుచున్నారు? ఎన్ని దినములు?
2. అందులో ఏవి రేపటినుండియే తిరిగి పెట్టవచ్చును?
3. ఏటికి మన సభ్యుల యిండ్లకు పిప్పళ్లు, మోడి, శొంఠి, మిరియములు ఎంత కావలెను? సంఘము ద్వారా తెప్పించుట సాధ్యమా?
4. ప్రతి యింటి పెరటిలోను ఒక మునగ చెట్టు ఉన్నదా?

నాలుగవ ప్రశ్నకు జవాబు లేదని వచ్చిన యింటివారు ఈ తొలకరికే ఒక మునగ కొమ్మ నాటుదురుగాక! పిప్పలి కొండనుండి రావలెను; దానికి తోడగు ఆకు మన పెరటినుండియే రావలెను.